పాత అంబాసిడర్ బాడీకి పౌడర్ కోటింగా, పెయింటా? గోదావరి తీరాన ఏది మేలు?

పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో బాగుచేయించుకునేవారికి రేకు పని మొదలయ్యే వేళకు ఒక ఆలోచన వస్తుంది. గేట్లకూ, కిటికీ గ్రిల్స్‌కూ, బీరువాలకూ వేసే పౌడర్ కోటింగ్ ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటోంది కదా, కారు బాడీ మొత్తానికీ అదే వేయిస్తే పోలేదా అని. ఉప్పుగాలి తగిలే కాకినాడలోనూ, కాలువల తేమ ఏడాది పొడవునా ఉండే అమలాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోనూ ఈ ఆలోచన రావడం సహజమే. నా అభిప్రాయం ముందే చెబుతాను. విప్పి తీయగలిగిన కింది సామానుకు పౌడర్ మేలు. బాడీకి ఎపాక్సీ ప్రైమర్ (రేకును తుప్పు నుంచి కాపాడే అడుగు పొర) మీద పెయింటే మేలు. పౌడర్ నాసిరకమైనదని కాదు, పాత కారు రేకులో దాగి ఉన్న విషయాలు ఆ పద్ధతికి పడవు.

పౌడర్ కోటింగులో పొడికి విద్యుదావేశమిచ్చి, ఎర్త్ చేసిన లోహం మీదికి చిమ్ముతారు. ఆ తర్వాత ఓవెన్‌లో లోహం దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది, ఇరవై నిమిషాలు ఉంటే పొడి కరిగి, గట్టిపడి, ఒకే పొరగా అతుక్కుంటుంది. పొర మందం సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. థిన్నర్ అవసరమే ఉండదు. కార్ల పరిశ్రమకు ఇది కొత్తదేమీ కాదు. జర్మనీలోని డింగోల్ఫింగ్ కర్మాగారంలో బీఎండబ్ల్యూ సంస్థ 1990ల చివరి నుంచే కార్ల బాడీలపై క్లియర్ కోటును (రంగు మీద వేసే పారదర్శకమైన పైపొరను) పౌడర్ రూపంలో వేసింది. అయితే అక్కడ ఓవెన్‌లోకి వెళ్లేది అప్పుడే అతికిన కొత్త రేకు. మన షెడ్డులో ఉన్నది నలభై ఏళ్లలో ఎన్నో చేతులు మారి, ఎన్నోసార్లు దెబ్బ తిని, అన్నిసార్లూ సరిచేయించుకున్న బండి.

అసలు చిక్కు వేడి దగ్గరే మొదలవుతుంది. టింకరింగ్ మేస్త్రీ సొట్టను ఎంత నేర్పుగా లేపినా, చివరి ఎత్తుపల్లాలను సరిచేసేది పుట్టీయే. మామూలు పాలిస్టర్ పుట్టీ ఓవెన్ వేడికి తట్టుకోలేక బుడగలు కడుతుంది, పగులుతుంది, లేదా రేకును వదిలేస్తుంది. అంతకు ముందు తరం మేస్త్రీలు కొన్ని కార్లలో అతుకుల దగ్గర సీసం, తగరం కలిపిన టంకం నింపేవారు. ఆ మిశ్రమం 183 డిగ్రీలకే మెత్తబడడం మొదలవుతుంది కాబట్టి ఓవెన్‌లో కారిపోయే ప్రమాదం ఉంది. వేడిని తట్టుకునే, లోహపు పొడి కలిసిన ప్రత్యేక పుట్టీలు ఉన్నమాట నిజమే గాని, మడ్‌గార్డు వంపు అంతటినీ వాటితో తీర్చిదిద్దడం శ్రమతో కూడిన పని. పుట్టీ అక్కరలేకుండా రేకునే అద్దంలా తీర్చగల మేస్త్రీ దొరికితే ఈ అభ్యంతరం తొలగిపోతుంది. అలాంటి మేస్త్రీ దొరికినవారు అదృష్టవంతులు, ఆయన కూలి చెల్లించగలిగితే ఇంకా అదృష్టవంతులు. పైగా టాపు, బానెట్ వంటి విశాలమైన పలుచని రేకులను అంత వేడికి గురిచేసినప్పుడు అవి వంపు తిరగవన్న భరోసా లేదు.

ఓవెన్ పరిమాణం మరో అడ్డంకి. అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు, వెడల్పు 1.66 మీటర్లు. గేట్లూ గ్రిల్సూ కాల్చడానికి కట్టిన ఓవెన్‌లో అది పట్టడం కష్టం. పట్టినా వేడి అన్ని మూలలకూ సమానంగా అందాలి.

ఇంతకంటే లోతైన సమస్య తుప్పు వదిలించే పద్ధతిలో ఉంది. పౌడర్ పనివారు సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అనే విధానంలో వస్తువును వరుసగా తొట్లలో ముంచుతారు. జిడ్డు తీసే తొట్టి తర్వాత తుప్పు తినే ఆమ్లం, ఆపై ఫాస్ఫేటింగ్ (పౌడర్ పట్టు కోసం వేసే ఫాస్ఫేట్ పూత), మధ్య మధ్య కడిగే నీళ్లు. గేటుకు ఇది చక్కని పద్ధతి. కారు బాడీలో మాత్రం ఒక రేకు మీద మరో రేకు పెట్టి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకులూ, తలుపుల కింద పెట్టెలా మూసుకుపోయిన సిల్ భాగాలూ ఎన్నో ఉంటాయి. వాటి సందుల్లోకి దిగిన ఆమ్లాన్ని ఏ నీళ్లూ పూర్తిగా బయటికి తీసుకురాలేవు. ఓవెన్‌లో కొంత బుసలు కక్కి పైపొరను పాడుచేస్తుంది, మిగిలింది లోపలే ఉండి రేకును తింటూనే ఉంటుంది. పౌడర్ ఆ లోతులకు చేరనే చేరదు. మూసుకున్న మూలల్లోకి విద్యుత్ క్షేత్రం వెళ్లదు గనుక పొడి అంచుల దగ్గరే ఆగిపోతుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్లు, బయట మెరుస్తూ ఉన్న సిల్ లోపలి నుంచి పుచ్చిపోతుంది. గోదావరి జిల్లాల్లో కార్లు ఎక్కువగా చెడేది లోపలి తేమ వల్లనే కాబట్టి, ఈ ఒక్క కారణం చాలు నేను వెనకాడడానికి. ఆమ్లానికి బదులు శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే ఆమ్లం బెడద తప్పుతుంది గాని, పలుచని రేకు మీద ఒత్తిడి ఎక్కువైతే అది వంగుతుంది, సందుల్లో ఇసుక చిక్కుకుంటుంది.

అందం సంగతికి వస్తే, ఒకే రంగు నిండుగా కావాలనుకునేవారికి పౌడర్ ముగింపు బాగానే ఉంటుంది. అయితే దాని మీద నారింజ తొక్కలాంటి గరుకు తరచుగా మిగులుతుంది. వాటర్ పేపర్‌తో రుద్ది, పాలిష్ చేసి దాన్ని పోగొట్టడం పెయింటుతో ఉన్నంత సులువు కాదు. పాత డూకో (నైట్రోసెల్యులోజ్ పెయింట్) పనిలోని మెత్తని మెరుపు దీనికి రాదు. మరమ్మతు మరీ కష్టం. మార్కెట్లో స్కూటర్ గీసిన మడ్‌గార్డుకు పెయింటర్ ఆ మేరకు రుద్ది, రంగు కలిపి, పక్క భాగంలోకి మెల్లగా కలిపేస్తాడు. పౌడర్‌కు అలా కలపడం లేదు. ఆ భాగమంతా గీకి మళ్లీ కాల్చాలి, లేదంటే రంగు సరిపోల్చి పెయింటే వేయాలి. అంటే చివరికి పెయింటర్ దగ్గరికే వెళ్లక తప్పదు. గీత రేకు దాకా దిగిందా, తేమ ఆ మందపాటి పొర కింద పక్కలకు పాకుతూ, పైకి పొంగేవరకూ కనిపించదు.

పెయింటుకు లోపాలు లేవని కాదు, మన వాతావరణంలో అవి బాగా బయటపడతాయి. ముసురులో నైట్రోసెల్యులోజ్ పెయింట్ వేస్తే థిన్నర్ ఆరుతున్నప్పుడు పైపొర చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లని పొగలా కమ్ముతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే రెండు డబ్బాల పాలీయురేథేన్‌లోని హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) తేమతో కలిసి వాయువు పుట్టించి చిన్న చిన్న రంధ్రాలు చేస్తుంది. గీకిన రేకు వాన రోజున గంటల్లోనే ఎర్రబారుతుంది గనుక, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. రేకు ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే రంగు వేయాలన్నది పాటించవలసిన నియమం. ధనుర్మాసపు ఉదయాల్లో మన షెడ్లలో ఇది సాధ్యం కాదు, మంచు విడిచాక మధ్యాహ్నమే ఆ పనికి సరైన వేళ. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేసి ఉబ్బసం తెప్పించగలవు. ముక్కుకు రుమాలు కట్టుకుని ఈ పని చేయడం తప్పు. బయటి గాలిని అందించే మాస్కు పెట్టుకోని పెయింటర్‌కు పని ఇవ్వకపోవడమే ఆయనకు మేలు చేసినట్లు. ఈ విషయంలో పౌడర్ నిస్సందేహంగా గెలుస్తుంది.

పౌడర్ గెలిచే చోట్లు మరికొన్ని ఉన్నాయి. అంబాసిడర్‌కు వేరుగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అందువల్ల దానిలో వీల్ రిమ్ములు, సీటు ఫ్రేములు, బ్యాటరీ ట్రే, బ్రాకెట్ల వరకే పౌడర్‌కు పంపాలి. పాత జీపుకు, స్టాండర్డ్ హెరాల్డ్‌కు ఛాసిస్ విడిగా వస్తుంది కాబట్టి దానికి కూడా వేయించవచ్చు, మూసుకున్న గొట్టాల లోపలికి తర్వాత మైనం చిమ్మించాలి. ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే జీపుకైతే, తొట్టిలా తెరిచి ఉండే బాడీకి సైతం పౌడర్ వేయించడాన్ని నేను కాదనను. దాన్ని ఎవరూ అందాల పోటీకి తీసుకువెళ్లరు, దాని రేకు చాలావరకు బల్లపరుపుగా, కంటికి కనిపించేలా ఉంటుంది. అప్పుడు ఎండకు సుద్దలా తేలిపోయే ఎపాక్సీ పౌడర్ కాకుండా, కింద జింక్ ప్రైమర్, పైన పాలిస్టర్ పౌడర్ అడగాలి.

సామాను ఇచ్చేటప్పుడు మరలు తిరిగే చోట్లనూ, బేరింగు కూర్చునే చోట్లనూ, ఎర్త్ వైరు బిగించే చోటనూ పౌడర్ పడకుండా మూయమని రాసి ఇవ్వాలి. రిమ్ములో నట్టు కూర్చునే గుంటలో మందంగా పౌడర్ పడితే, ప్రయాణంలో అది నలిగి నట్టు వదులవుతుంది. బాడీకి సంబంధించి, సంక్రాంతి దాటి మంచు తగ్గిన తర్వాత మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే క్లియర్ కోటు పూర్తయ్యేలా పెయింటర్‌తో మాట్లాడుకోవాలి. రంగు మారుస్తున్నట్లయితే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. తలుపుల కింది నీళ్లు పోయే రంధ్రాలను పుట్టీ గాని, పెయింటు గాని మూసేసిందేమో చూసిన తర్వాతే డబ్బు చెల్లించాలి.