ప్లేఫెయిర్ డిస్‌ప్లే: ఏడేళ్ల పెళ్లికార్డుల తర్వాత

ఈ ఫాంటులోని సన్నగీతలంటే నాకు ప్రాణం. నన్ను నిలువునా ముంచినవీ అవే.

విజయవాడలో పెళ్లికార్డుల డిజైన్ నా పని. ఇంగ్లిష్ మ్యాటర్‌కి ఏడేళ్లుగా ఎక్కువగా ఇదే వాడుతున్నాను. ఇటాలిక్‌లో ఆంపర్‌సాండ్ (&) గుర్తు పెద్దది చేసి వధూవరుల పేర్ల మధ్య పెడితే కార్డుకి వేరే అలంకారం అక్కర్లేదు. లావుగీత వెంట్రుకంత సన్నబడి మళ్లీ నిండుకునే తీరు ఎంతసేపు చూసినా తనివి తీరదు.

మూడేళ్ల కిందటి సంగతి. ముదురు మెరూన్ నేల మీద తెల్ల అక్షరాలు, గరుకు బోర్డు. పెళ్లికూతురి పేరు అన్నీ పెద్దక్షరాల్లో, 14 పాయింట్లలో పెట్టాను. స్క్రీన్ మీద చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ప్రూఫ్ నున్నటి కాగితం మీద తీశాం, అదీ బాగుంది. ప్రెస్ నుంచి 600 కార్డులు వచ్చాక కట్ట విప్పితే 'ఎన్'కి నిలువుగీతలు రెండూ లేవు. ఏటవాలు గీత ఒక్కటే మిగిలింది. 'ఏ'కి ఎడమకాలూ లేదు, అడ్డగీతా లేదు. పిల్ల తండ్రి కార్డు మీద వేలు పెట్టి, "పేరేదయ్యా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రాత్రికి రాత్రి నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

తప్పు ప్రెస్‌వాళ్లది కాదు. రివర్స్‌లో, అంటే ముదురు నేల మీద తెల్ల అక్షరాలు వచ్చేలా వేసేటప్పుడు, అక్షరం ఉన్నచోట ఇంకు పడకూడదు. నాలుగు రంగులకి వాడే ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా, గరుకు కాగితం మీద ఇంకు కాస్త పాకినా ఆ తెల్లగీత పూడుకుపోతుంది. క్లౌస్ ఎగర్స్ సోరెన్సెన్ 2011లో విడుదల చేసిన ఈ ఫాంటుకి 18వ శతాబ్దపు ఇంగ్లండ్ ముద్రకుడు జాన్ బాస్కర్‌విల్ అక్షరాలు ఒక ప్రేరణ. ఆ బాస్కర్‌విల్ తన సన్నగీతల కోసం ఇంకు తానే తయారుచేసుకున్నాడు, అచ్చువేసిన కాగితాన్ని వేడి రేకుల మధ్య నొక్కి నునుపు చేశాడు. నేనేమో గరుకు బోర్డు ఎంచుకున్నాను.

అంతకుముందు అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని వాడండి" అనేవాణ్ణి. ఇప్పుడు అనను. పేర్లకి 24 పాయింట్లు దాటితేనే, రివర్స్‌లో అయితే బోల్డే. కల్యాణమండపం చిరునామాకి అసలు వద్దు. అంకెలు మామూలుగా కిందికీ పైకీ దిగుతూ ఎక్కుతూ వస్తాయి. ముహూర్తం 10:42 అని వేస్తే 4 వేలాడుతోందని పెద్దవాళ్లు అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌లో ఫాంటుకుండే ఓపెన్‌టైప్ సెట్టింగుల్లో లైనింగ్ అంకెలు ఎంచుకుంటే అన్నీ సమంగా నిలబడతాయి. ఇది నాకు తెలియడానికే రెండేళ్లు పట్టింది.

దీనికే తర్వాత వచ్చిన కొత్త రూపం 'ప్లేఫెయిర్'లో ఆప్టికల్ సైజు ఉంది, చిన్న సైజులకి సన్నగీతలు బలపడతాయి. నా పాత సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకోదు. కొత్తది ఉన్నవాళ్లు ముందు అదే చూడండి. వెబ్‌సైట్లు చేసేవాళ్లకి నా బాధలో సగం ఉండకపోవచ్చు.

మొన్న మా మేనకోడలి కార్డుకి మళ్లీ ఇదే పెట్టాను. ఐవరీ రంగు నున్నటి బోర్డు, ఒకే రంగు నల్ల ఇంకు, పేరు 36 పాయింట్లు. మొదటి షీటు బయటికి వచ్చేదాకా మెషిన్ పక్కనే నిలబడ్డాను.