తొలి తరగతికి రెండు రోజుల తర్ఫీదు: విజయవాడలో ఒక అధ్యాపక శిక్షణపై సమీక్ష

బీటెక్ మొదటి సంవత్సరానికి సీ ప్రోగ్రామింగ్ చెప్పే బాధ్యత తొలిసారి నా మీద పడినప్పుడు, తరగతులకు పది రోజుల ముందు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు సంస్థ కొత్త అధ్యాపకుల కోసం నిర్వహించిన రెండు రోజుల శిక్షణలో చేరాను. రుసుము మూడు వేల రూపాయలు. మధ్యాహ్న భోజనం, ఒక ముద్రిత పుస్తకం అందులోనే కలిసి ఉన్నాయి. గుంటూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చాను. తరగతులు మొదలై నెలన్నర గడిచింది కాబట్టి, అక్కడ విన్నవాటిలో ఏవి అక్కరకు వచ్చాయో, ఏవి రాలేదో ఇప్పుడు తేల్చి చెప్పగలను.

మొదటి రోజు ఉదయం దాదాపు వృథా అయింది. ఫలితాధారిత విద్య, నేర్చుకోవడాన్ని మెట్లుగా విభజించే బ్లూమ్ వర్గీకరణ, కోర్సు ముగిసేసరికి విద్యార్థికి ఏం రావాలో చెప్పే కోర్సు ఔట్‌కమ్‌ల గురించి మూడు గంటలపాటు తెర మీది స్లైడ్లను చదివి వినిపించారు. 2014లో మన దేశానికి, ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం దక్కినప్పటి నుంచి ఇంజనీరింగ్ కళాశాలల్లో ఈ పరిభాష వినబడుతూనే ఉంది. ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) ఫైళ్లు రాసే సీనియర్లు ఎవరైనా రెండు సాయంత్రాల్లో నేర్పేస్తారు. అరవై మంది ముందు నిలబడి మొదటి మాట ఏం మాట్లాడాలో తెలియక వచ్చినవాళ్లం మేము. విద్యార్థులను తరగతిలో మాట్లాడించాలని బోధించిన ఆ ప్రసంగంలో మమ్మల్ని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మధ్యాహ్నం నుంచి కథ మారింది. పదవీ విరమణ చేసిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు వచ్చి, స్లైడ్లు కట్టేయించి, మమ్మల్ని ఒక ఖాళీ తరగతి గదిలోకి తీసుకువెళ్లారు. ఒక్కొక్కరి చేతా బోర్డు మీద ఒక వాక్యం రాయించి, చివరి బెంచీలో కూర్చుని చదవమన్నారు. నేను రాసిన సెమీకోలన్ నాకే కనబడలేదు. ఎడమ వైపు కిటికీ వెలుతురు ఆకుపచ్చ బోర్డు మీద పడి, మూడో వంతు తెల్లగా మెరిసిపోతోంది. "మీ గదిని బోర్డు దగ్గర నిలబడి కాదండీ, వెనుక బెంచీలో కూర్చుని చూడండి" అన్నారావిడ. తరగతికి ముందు రోజు సాయంత్రమే గదికి వెళ్లి సుద్దముక్క, డస్టరు, ఫ్యాను చప్పుడు, ప్రొజెక్టరు కేబులు అన్నీ చూసుకోవాలన్నది ఆవిడ పెట్టిన నియమం. గుంటూరులో మా కళాశాలలో అలాగే వెళ్లి చూస్తే, ప్రొజెక్టరు రిమోటు ఉండే బీరువా తాళం అటెండరు దగ్గర ఉంటుందని, ఆయన తొమ్మిదిన్నరకు గాని రారని తెలిసింది. నా తరగతి తొమ్మిదింటికి.

పేర్ల విషయంలో ఆవిడ చెప్పిన చిట్కా చిన్నదే గాని, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో విద్యార్థిని హాల్ టికెట్ నంబరు చివరి రెండు అక్షరాలతో పిలవడం అలవాటైపోయింది; తొంభై తొమ్మిది దాటాక ఏ-సున్న, ఏ-ఒకటి అని సాగుతుంది. "ఏ-ఏడు, లేవమ్మా" అనిపించుకున్న పిల్ల ఆ గంటంతా నంబరుగానే కూర్చుంటుందని ఆవిడ అభిప్రాయం. అందుకని మొదటి రోజే అర ఠావు ఇచ్చి, ఏ పేరుతో పిలవాలో, ఇంటర్ ఎక్కడ చదివారో, కంప్యూటరు మీద ఇంతకుముందు ఏం చేశారో రాయించమన్నారు. నా తరగతిలో నలుగురు సాయిలు తేలారు. ఒకబ్బాయి "ఇంట్లో నాని అంటారు, ఇక్కడ మాత్రం నారాయణ అనండి సార్" అని రాశాడు.

రెండో రోజు ఒక్కొక్కరం పది నిమిషాలు నమూనా పాఠం చెప్పాం. నేను అందరిలాగే, ప్రోగ్రామింగ్ పాఠాల్లో ఆనవాయితీగా వచ్చే తొలి ప్రోగ్రామ్ హలో వరల్డ్‌తో మొదలుపెట్టగా ఆ భౌతికశాస్త్ర మేడమ్ ఆపేశారు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ సూచించిన మూడు వారాల పరిచయ కార్యక్రమంలో పిల్లలు అప్పటికే కావలసినన్ని ప్రసంగాలు విని ఉంటారనీ, మనం మళ్లీ స్వపరిచయంతో, నిబంధనలతో గంట గడపకూడదనీ ఆవిడ వాదన. ఇంటర్నల్స్‌కు 30 మార్కులు, చివరి పరీక్షకు 70, హాజరు 75 శాతం వంటివి ఒక కాగితం మీద అచ్చువేసి ఇస్తే చాలు. మొదటి పది నిమిషాల్లోనే ఒక లెక్క చేతికి ఇవ్వాలి. నేను రోజూ ఎక్కే బస్సే గుర్తుకొచ్చింది: ప్రయాణికుడు అయిదు వందల నోటు ఇస్తే, కండక్టరు అతి తక్కువ నోట్లతో చిల్లర ఎలా ఇవ్వాలో మెట్లుమెట్లుగా తెలుగులోనే రాయండి. తరగతిలో ఇదే ఇచ్చాను. "కండక్టరు దగ్గర వంద నోట్లు అయిపోతే ఏం చేయాలి సార్?" అని మూడో బెంచీ అమ్మాయి అడిగినప్పుడు, నేను మూడో వారంలో చెప్పాలనుకున్న షరతు వాక్యం ('ఇలా అయితే ఇది చేయి, లేకపోతే అది') మొదటి రోజే బోర్డెక్కింది.

లోపాలు చిన్నవేమీ కావు. తొలి రోజు అనేది మన దగ్గర ఒక్క రోజుతో పోయేది కాదన్న సంగతి ఆ శిక్షణలో ఎవరూ ఎత్తలేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ విడతలు విడతలుగా జరిగి, ఆపైన స్పాట్ అడ్మిషన్లు ముగిసేదాకా కొత్త ముఖాలు వస్తూనే ఉంటాయి; నాకు మొదటి రోజు నలభై ఒక్క మంది ఉంటే, ఇప్పుడు అరవై ముగ్గురు. ఆలస్యంగా చేరినవారి కోసం ఆ కాగితాలు, అర ఠావులు మిగిల్చిపెట్టుకుని, తరగతి అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టుకోవడం నేను సొంతంగా నేర్చుకున్నాను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారితో తొలి గంట ఎంత తెలుగు మాట్లాడాలని అడిగితే, ఒక శిక్షకుడు అస్సలు వద్దన్నారు, ఇంకొకరు సగానికి సగం అన్నారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినలేదు. ఇచ్చిన పుస్తకమైతే విదేశీ విశ్వవిద్యాలయాల సామగ్రికి నకలు. ప్రతి అధ్యాయంలోనూ టీచింగ్ అసిస్టెంటుకు పని అప్పగించమంటుంది. మా విభాగంలో ల్యాబుకే మనిషి లేరు. భోజనంలో పప్పు, దొండకాయ వేపుడు బాగున్నాయి. ధ్రువపత్రం మూడు సార్లు గుర్తుచేస్తే వచ్చింది, అదీ నా పేరు తప్పుగా అచ్చయి.

మొదటి పూట తీసేసి, ఒకటిన్నర రోజుకు రెండు వేలు తీసుకుంటే ఇది ధరకు తగిన శిక్షణే. చేరదలచినవారు డబ్బు కట్టేముందు, ఖాళీ గదిలో బోర్డు మీద రాయించే ఆ మేడమ్ వస్తున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మా తరువాతి బృందానికి ఆవిడ రాలేదనీ, రెండు రోజులూ స్లైడ్లే నడిచాయనీ మా సహోద్యోగి ఒకరు చెప్పారు.