80 రూపాయల వెర్బ్ చార్టు: అన్నీ బాగానే ఉన్నాయి, "లే" దగ్గర తప్ప

సాయంత్రం మా ఇంటికి ట్యూషన్‌కొచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఈ ఇంగ్లిష్ వెర్బ్స్ చార్టు కొన్నాను. ధర 80 రూపాయలు. లామినేషన్ గట్టిగా ఉంది, తడిగుడ్డతో తుడిచినా ఏం కాదు. వెనక కూర్చున్నవాళ్లకి కూడా అక్షరాలు కనపడతాయి. వీ1, వీ2, వీ3 (క్రియ మూడు రూపాలు), పక్కన తెలుగు అర్థం. స్పెల్లింగ్ తప్పులు నాకైతే కనపడలేదు. ఈ ధరకి అది మామూలు విషయం కాదు.

చిక్కంతా ఒక్క "లే" దగ్గరే. ఒక వరసలో లై, లే, లెయిన్. దాని కిందే లే, లెయిడ్, లెయిడ్. రెండింటికీ కలిపి "పడుకొను, ఉంచు" అని ఒకే అర్థం పడేశారు. ఇది చూసి పిల్లలు "ఐ లెయిడ్ ఆన్ ది బెడ్" అని రాయక ఇంకేం రాస్తారు?

నిజానికి మనవాళ్లకి ఇది తేలిగ్గా ఎక్కాలి. పడుకోవడం (లై) వేరు, పడుకోబెట్టడం (లే) వేరు అని తెలుగు పిల్లలకి ఒకరు చెప్పాలా? బాబు మంచం మీద పడుకున్నాడు: ది బేబీ లే ఆన్ ది బెడ్. అమ్మ బాబుని పడుకోబెట్టింది: ది మదర్ లెయిడ్ ది బేబీ ఆన్ ది బెడ్. కోడి గుడ్డు పెట్టినా, మంత్రిగారు పునాదిరాయి వేసినా లెయిడే. కథల్లో "ఊరు కొండ అవతల ఉండేది" అని వస్తే మాత్రం లే. అబద్ధమాడడం కూడా లై అనే మాటే గానీ, దాని భూతకాలం లైడ్. ఆ వరస చార్టులో లేనే లేదు!

రీడ్‌కి మూడు గళ్లలోనూ ఒకే స్పెల్లింగ్ ఉంది, అది సరే. వీ2, వీ3లని "రెడ్" అని పలకాలని ఎక్కడా వెయ్యలేదు.

పక్కన చెప్పేవాళ్లుంటే కొనండి, అయిదుకి మూడు ఇస్తాను. పిల్లలు సొంతంగా చదువుకోవాలంటే మాత్రం వాక్యాలతో చూపించే డిక్షనరీయే నయం. నేను ఆ లై, లే వరసల పక్కన ఉదాహరణలు రాసిపెట్టాను. లామినేషన్ మీద స్కెచ్ పెన్ నిలవదు, పర్మనెంట్ మార్కర్ వాడండి.