గోడల కోసమే ఢిల్లీ వెళ్లాం: లోధీ కాలనీ, ఐటీఓ, షాపూర్ జాట్

ఢిల్లీ అంటే ఎర్రకోట, కుతుబ్ మినార్, వీలైతే ఆగ్రా అని ప్లాన్ వేసుకునేవాళ్లకు నాదొక మాట. లోధీ కాలనీకి ఒక పూట ఉంచుకోండి. క్యాబ్ ఆపించి రెండు సెల్ఫీలు దిగి ఎక్కేస్తే దాని రుచి తెలీదు, నడవాలి. నేనూ మా చెల్లీ ఫిబ్రవరి చివర్లో వెళ్లింది ఈ గోడల బొమ్మల కోసమే, మిగతావన్నీ వాటి చుట్టూ సర్దుకున్నాం, మళ్లీ వెళ్లినా అలాగే వెళ్తాను.

ముందు ఆ కాలనీ సంగతి చెప్తాను. బ్రిటిష్‌వాళ్లు ఢిల్లీలో చివరగా కట్టిన నివాస కాలనీ ఇది, 1940ల్లో ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టారు, ఇప్పటికీ సర్కారు క్వార్టర్సే. ఎత్తైన గోడ, మధ్యలో పెద్ద కమాను, కమానులోంచి లోపలికి దారి, రోడ్డుకు అటూ ఇటూ ఎదురెదురుగా అవే కొలతల్లో మళ్లీ మళ్లీ. వీధులు వెడల్పుగా ఉంటాయి, పాత చెట్లు బోలెడు, ఢిల్లీ నడిమధ్య ఉన్నామన్న సంగతే మర్చిపోతాం. 2014లో పని మొదలుపెట్టిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ తర్వాత ఒకటి రెండేళ్లలో ఈ కాలనీ మీద దృష్టి పెట్టి, మనవాళ్లనీ విదేశీ చిత్రకారుల్నీ పిలిచి గోడకొకరు చొప్పున బొమ్మలు వేయించింది. ఖన్నా మార్కెట్‌కీ మెహర్‌చంద్ మార్కెట్‌కీ మధ్య వీధుల్లో ఇప్పుడు పదుల కొద్దీ మ్యూరల్స్ ఉన్నాయి. టికెట్ లేదు, గేటు లేదు, టైమింగ్స్ లేవు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఆ కమాను. బొమ్మ వేసేవాడికి అదొక పెద్ద చిక్కు, గోడ మధ్యలో అంత ఖాళీ వదిలేసి వేయాలి కదా. కొందరు దాన్ని లెక్కచేయకుండా బొమ్మను ఈ చివర నుంచి ఆ చివరకు పరిచేశారు, కొందరు అటొక సగం ఇటొక సగం పంచారు, ఇంకొందరు కమానునే బొమ్మలో కలిపేసుకున్నారు. వరసగా నాలుగైదు గోడలు చూశాక మన కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి, ఈయన కమానును ఏం చేశాడా అని. అక్కడి నుంచి చూడ్డం మారిపోతుంది, ఇక ఫొటో తీసుకుని ముందుకు పోబుద్ధి కాదు.

మెక్సికో చిత్రకారుడు సెంకో వేసిన పక్షుల గోడ దగ్గర మేం చాలాసేపు ఉండిపోయాం. రంగులు అంత గట్టిగా ఉన్నా కళ్లకు గుచ్చుకోవు. దూరం నుంచి ఒకటే రంగులా ఉన్న ఈకల్లో దగ్గరకెళ్తే ఎన్ని గీతలో, గోడ గరుకుతనం వల్ల బ్రష్ ఆగి ఆగి వెళ్లిన చోట్లు కూడా తెలుస్తాయి. జపాన్ చిత్రకారుడు సుయికో వేసిన కమలం ఇంకో పద్ధతి, అక్షరాలు రాసే చేత్తో పువ్వు వేసినట్టు ఆ మెలికలు. గ్రాఫిటీ, అంటే గోడల మీద స్ప్రేతో రాసే ఈ పద్ధతి, అక్షరాలతోనే మొదలైన కళ కాబట్టి, ఆ మూలం ఈయన గీతలో కనిపిస్తుంది.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది డాకు అనే చిత్రకారుడి గోడ. డాకు ఎవరో బయటి ప్రపంచానికి తెలియదు, పేరు దాచుకునే పనిచేస్తాడు. ఒకప్పుడు ఢిల్లీ రోడ్ల మీద స్టాప్ బోర్డుల కింద ఇంకో మాట చేర్చి, హారన్ కొట్టడం ఆపండి లాంటి అర్థాలు వచ్చేలా చేసింది ఇతనే. లోధీ కాలనీలో ఇతని గోడ మీద బొమ్మ ఉండదు. గోడకు అడ్డంగా, బయటికి పొడుచుకొచ్చేలా ఇంగ్లీషు అక్షరాలు బిగించాడు. ఎండ వాటి మీద పడితే నీడలు గోడ మీద మాటలై కనిపిస్తాయి, అవన్నీ కాలంతోపాటు మారిపోయేవాటి పేర్లు. మేం వెళ్లేసరికి ఎండ ఇంకా సరిగ్గా ఎక్కలేదు, గోడ దాదాపు బోసిగా ఉంది, మా చెల్లి "ఇదేంటక్కా, ఏం లేదు" అంది. ఇంకో రెండు వీధులు తిరిగి, మధ్యాహ్నం కాబోతుండగా మళ్లీ వచ్చాం. మాటలు గోడంతా దిగి ఉన్నాయి. అక్కడే నిలబడి చూస్తుంటే ఒక నీడ అంచు మెల్లగా పొడుగవుతోంది, పక్కన వేపకొమ్మ నీడ దాని మీద పడినప్పుడల్లా ఆ మాట చెరిగి మళ్లీ వస్తోంది. దీన్ని ఫొటోలో చూస్తే సగం కూడా అందదు. అందుకే చెప్తున్నా, పదకొండు నుంచి రెండు లోపు ఆ గోడ దగ్గర ఉండేలా చూసుకోండి, మబ్బు పట్టిన రోజైతే ఇంకో రోజుకు మార్చుకోండి. నవంబర్, డిసెంబర్ పొగమంచులోనైతే ఎండ మీద ఆశ పెట్టుకోలేం.

గైడ్ అవసరమా అంటే, మేం ఒక గ్రూప్ వాక్‌లో చేరాం, ఆ నిర్వాహకుల పేరు చెప్పను. మనిషికి ఏడెనిమిది వందలు తీసుకుని రెండు గంటలు తిప్పారు. ఆ కుర్రాడికి విషయం బాగా తెలుసు, ఏ గోడ ఎవరిదో, ఎక్కడివాళ్లో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. చిక్కల్లా జనంతోనే వచ్చింది. పాతికమందిని ఒకేసారి తీసుకొస్తే వెనకున్నవాళ్లకు మాట వినిపించదు, ముందున్నవాళ్లు ఫొటోలకు గోడను ఆక్రమించేస్తారు, డాకు గోడ దగ్గర అయితే ఎండ రాకముందే "తర్వాతి గోడకి పదండి" అనేశారు. పదిమందికి మించని వాక్ దొరికితే డబ్బు పెట్టండి. లేదంటే మ్యాప్ చేతిలో పెట్టుకుని మీరే తిరగండి, చాలా గోడల మీద చిత్రకారుల పేర్లు ఉంటాయి, చదువుకుంటూ వెళ్లొచ్చు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. ఇది మ్యూజియం కాదు, మనుషులు కాపురముండే చోటు. ప్రీవెడ్డింగ్ షూట్లవాళ్లు పొగ వదిలే గొట్టాలూ రిఫ్లెక్టర్లూ పట్టుకొచ్చి కమానులకు అడ్డంగా గంటల తరబడి నిలబడటం మేమే చూశాం, లోపలికి స్కూటర్ మీద వచ్చే ఆయన హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. కమాను దాటి లోపలికి తొంగి చూడకండి, ఆరేసిన బట్టల మధ్య నిలబడి వీడియోలు తీయకండి. మెట్ల దగ్గర బఠానీలు ఒలుచుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని పలకరించారు, చెల్లికి హిందీ బాగా వచ్చు కాబట్టి మాట కలిసింది. ముందు ఈ రంగులంటే తనకు ఇష్టం లేదట, ఇప్పుడు ఆటోవాళ్లకు బ్లాక్ నంబర్ చెప్పే పని తప్పింది, ఫలానా బొమ్మ గోడ అంటే తిన్నగా తీసుకొచ్చేస్తున్నారు అని నవ్వారు. బొమ్మ మీద రంగు పెచ్చులూడుతుంటే మాత్రం బాధగా ఉంటుందన్నారు. నిజమే, కొన్ని గోడలు వెలిసిపోయాయి, కొన్నిటికి కింది వరసంతా నీరు ఎక్కి ఉబ్బింది, దాదాపు అన్ని గోడల ముందూ కార్లు పెట్టేసి ఉంటాయి. ఆదివారం పొద్దున్నే వెళ్తే ట్రాఫిక్ తక్కువేగానీ కార్లన్నీ ఇళ్ల దగ్గరే ఉంటాయి, ఆఫీసులున్న రోజు పది దాటాక గోడలు కాస్త పూర్తిగా కనిపిస్తాయి.

ఐటీఓ అనే కూడలి దగ్గర పాత పోలీస్ హెడ్‌క్వార్టర్స్ భవనం మీద గాంధీ బొమ్మ ఉంది, 2014లో జర్మన్ చిత్రకారుడు హెండ్రిక్ బైకిర్ష్, మన అన్పు వర్కీ కలిసి వేసింది, ఎత్తు దాదాపు 150 అడుగులు. నలుపూ తెలుపూ మాత్రమే. అంత రద్దీ కూడలిలో, అన్ని హారన్ల మధ్య తలెత్తితే ఆ నవ్వు ముఖం. దీని కోసం ప్రత్యేకంగా గంటలు కేటాయించక్కర్లేదు, మెట్రో వయొలెట్ లైన్‌లో ఐటీఓ స్టేషన్ దిగి, చూసి, అదే లైన్‌లో జేఎల్ఎన్ స్టేడియం వెళ్తే లోధీ కాలనీ నడిచే దూరం. ఎల్లో లైన్‌లో వచ్చేవాళ్లకు జోర్‌బాగ్ దగ్గర.

షాపూర్ జాట్ పూర్తిగా వేరే లోకం. ఊరు నగరంలో కలిసిపోయాక మిగిలిన ఇరుకు సందులు, పైన కరెంటు తీగల గుత్తులు, కింద బొటీక్‌లు, పై అంతస్తుల్లో ఎంబ్రాయిడరీ మగ్గాలు. స్టార్ట్ ఇండియా 2014లో మొదట పనిచేసిన చోట్లలో ఇదొకటి, అన్పు వర్కీ వేసిన పెద్ద పిల్లి బొమ్మ ఇక్కడిదే. ఇక్కడ గోడలు మన కోసం ఎదురుచూస్తూ ఉండవు, వెతుక్కోవాలి. ఏసీ యూనిట్ వెనకాల సగం ముఖం, షట్టర్ వేస్తే తప్ప కనిపించని బొమ్మ, దాని పక్కనే ఎవరో రాత్రిపూట వచ్చి స్ప్రేతో వేసుకుపోయిన ట్యాగ్, అంటే తన మారుపేరుతో గీసుకున్న సంతకం. హౌజ్ ఖాస్ విలేజ్‌లోనూ ఇలాంటివి దొరికాయిగానీ అక్కడ కేఫ్ వాళ్లు అలంకరణకు వేయించుకున్నవే ఎక్కువ, నాకు మనసు నిలవలేదు. చెరువు, ఫిరోజ్ షా కట్టించిన మదరసా చూడ్డానికి వెళ్లండి, గోడల కోసమైతే షాపూర్ జాట్‌కే నా ఓటు.

ఈ ట్యాగుల మీద మా ఇద్దరికీ దారంతా వాదనే. చెల్లికి అవి గోడ పాడు చేయడమే. నా లెక్క వేరు. అనుమతి తీసుకుని, క్రేన్ తెచ్చి, వారం రోజులు వేసే మ్యూరల్ గొప్పదే, కానీ ఒకే ఒక నిమిషంలో, ఎవరైనా వస్తారేమోనన్న టెన్షన్‌లో, ఒక్క ఊపులో వేసిన గీతలో ఉండే బిగువు దానికి రాదు. షాపూర్ జాట్ సందులో ఒక నల్ల ట్యాగ్ చూశాను, అక్షరం మొదలైన చోట రంగు చిక్కగా, చెయ్యి వేగం అందుకున్న చోట పొగలా పలచగా, చివర చిన్న ధార కిందికి జారి ఆరిపోయింది. చెయ్యి ఎక్కడ తడబడింది, ఎక్కడ ధైర్యం తెచ్చుకుంది అన్నీ అందులో ఉన్నాయి. అలాగని పాత కట్టడాల రాళ్ల మీద, ఎవరి ఇంటి తలుపు మీదో గీసేవాళ్లను వెనకేసుకు రావట్లేదు, లోధీ గార్డెన్స్‌లో సమాధుల మీద పేర్లు చెక్కినవి చూస్తే కడుపు మండింది.

బస గురించి. మొదట పహాడ్‌గంజ్‌లో దిగాం, స్టేషన్‌కు దగ్గర, చవక, కానీ ఆ హోటల్‌లో బుక్ చేసిన గది ఇవ్వకుండా కిటికీ లేని గది చూపించారు, అడిగితే అడ్జస్ట్ చేసుకోమన్నారు, రాత్రంతా కింద సామాన్లు దించుతున్న చప్పుడు. తర్వాత దక్షిణ ఢిల్లీలో గ్రీన్ పార్క్ మెట్రో దగ్గర ఒక హోమ్‌స్టేకి మారాం, అద్దె దాదాపు రెట్టింపైనా పొద్దున్నే లేచి అటు షాపూర్ జాట్, ఇటు జోర్‌బాగ్ పోవడం ఎంత సుఖమో. ఆడవాళ్లు ఇద్దరే వెళ్తున్నట్టయితే నేను చెప్పేది ఇదే. తిరగడానికి మెట్రోను మించింది లేదు, స్టేషన్ నుంచి గోడల దాకా ఈ-రిక్షా లేదా నడక. ఆటోలు మీటర్ వేయరు, యాప్‌లో ధర చూసుకుని బేరం మొదలుపెట్టండి.

కాలనీ లోపల మాకు టాయిలెట్లు కనిపించలేదు, మార్కెట్‌లో ఏదైనా కేఫ్‌లో కూర్చున్నప్పుడే ఆ పని చూసుకోవాలి. మెహర్‌చంద్ మార్కెట్‌లో కేఫ్‌లు ఖరీదు, ఖన్నా మార్కెట్‌లో టీ సమోసాలతో గడిచిపోతుంది. భోజనానికి మాత్రం మేం ఓపిక చేసుకుని అశోకా రోడ్‌లోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లాం, లైన్‌లో టోకెన్ తీసుకుని నిలబడాలి, కూర్చున్నాక పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి అడిగినంత. అంత నడిచాక ఆ అన్నం తిన్న తృప్తి ఇంకే చోటా రాలేదు.

ఈ గోడల వెనక పనిచేసినవాళ్లలో హనీఫ్ కురేషీ ఒకరు, స్టార్ట్ ఇండియా వ్యవస్థాపకుల్లో ఉన్నారు, 2024లో చిన్న వయసులోనే పోయారు. ఆయన ఇంకో పని కూడా చేశారు, రోడ్డు పక్క సైన్‌బోర్డులు రాసే పెయింటర్ల చేతిరాతల్ని ఫాంట్లుగా మార్చి భద్రపరచడం. ఫ్లెక్సీలు వచ్చాక మన ఊళ్లలో కూడా గోడరాతల పెయింటర్లు ఎంతమంది పని మానేశారో చూస్తున్నాం కాబట్టి ఆ పని విలువ నాకు ఇంకా బాగా తెలిసింది. పాత ఢిల్లీ సందుల్లో చేత్తో రాసిన బోర్డులు ఇంకా కొన్ని ఉన్నాయి, ఈసారి వాటికి టైం సరిపోలేదు.

ఒక్క రోజే ఉంటే ఇలా చేయండి: పొద్దున తొమ్మిదికి ఐటీఓ, పదిన్నరకల్లా లోధీ కాలనీ, మధ్యాహ్నం డాకు గోడ దగ్గర కనీసం అరగంట, భోజనం, సాయంత్రం నాలుగింటికి షాపూర్ జాట్. హౌజ్ ఖాస్ మిగిలిపోయినా ఫర్వాలేదు. కాళ్లకు మెత్తటి బూట్లు, చేతిలో నీళ్ల సీసా, ఫోన్‌కి పవర్‌బ్యాంక్ తప్పనిసరి.