నెల్లూరి ఉక్కలో మంచు తాత బొమ్మ

ఉత్తర ఐరోపాలోని ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దోడు లింకు పంపితే, చేతిబొమ్మలు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఈ బొమ్మని కొన్నాను. పోస్టు ఖర్చుతో కలిపి 3,100 రూపాయలు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ పెట్టడం మా అత్తగారి నాటి అలవాటు. ఈసారి ఎస్టోనియా మంచు తాత, క్రిస్మస్ తాత లాంటి ఆయన. అక్కడ ఆయన్ని న్యారివన అంటారట. వన అంటే ముసలాయన. మా మూలాపేట పిల్లలు రెండు రోజుల్లోనే ‘వాన తాత’ చేసేశారు.

జానెడు ఎత్తు. లోపల తీగ, దాని మీద దూది పొరలు చుట్టి గంజితో అతికించారు. నీలం కోటు నిండా మెరుపు. వేలితో తాకి చూద్దును గదా, కాకి బంగారం, అదే అభ్రకం! మా నాన్న సైదాపురం వైపు గనుల్లో అభ్రకం రేకులు చీల్చే పని చేసేవారు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కా, చెవుల వెనక, అన్నం పళ్ళెం అంచు, అన్నీ ఇట్లాగే తళతళలాడేవి. బొమ్మని చాలాసేపు కింద పెట్టలేదు నేను.

పనితనానికి వంక లేదు. పెట్టెలో పెట్టిన కార్డుతోనే నాకు పేచీ. ‘వేల ఏళ్ళ నాటి మంచు దేవుడు’ అని రాశారు. మా వాడిని అడిగితే నవ్వాడు. 1940లో సోవియట్ పాలన వచ్చాక అక్కడ క్రిస్మస్‌ని పక్కకు నెట్టి, చెట్టునీ తాతనీ కొత్త సంవత్సరానికి మార్చారు. ఈ తాతకి పేరు వచ్చింది ఆ రోజుల్లోనే. అంతకన్నా పాతది న్యారిసొక్ అట, మేక వేషం కట్టి ఇల్లిల్లూ తిరగడం. మన గంగిరెద్దుకి వేలు విడిచిన చుట్టం అనుకోండి. ఉన్నమాట రాస్తే ఎవరు కొనరు?

ఇంకో సంగతి, ఇది పొడి చలికి పుట్టిన బొమ్మ. 1940 జనవరిలో అక్కడి యొగెవా అనే ఊళ్ళో మైనస్ 43.5 డిగ్రీలు నమోదైందంటే చూసుకోండి. మన దగ్గర సంక్రాంతికీ ఫ్యాన్ ఆగదు. వారం తిరక్కుండానే గడ్డం చెమ్మకి వాలిపోయి, కింద పసుపురంగు తిరిగింది. ఏం చేయాలని దుకాణానికి రాస్తే ‘చల్లని చోట ఉంచండి’ అని జవాబు. నెల్లూరులోనా! హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టి ఆరబెట్టాను.

అయినా కొలువులో అందరి కళ్ళూ ఈయన మీదే. “ఏందక్కా, హరిదాసుకి ఉన్ని కోటు తొడిగినారే?” అంది పక్కింటామె. అక్కడ పిల్లలు ఒక పద్యమో పాటో అప్పజెప్తేనే తాత కానుక ఇస్తాడని మా వాడు చెప్పాడు. అదే రూలు ఇక్కడా పెట్టాను, పద్యానికో అరిసె. ఎప్పుడూ నోరు విప్పని ఎదురింటి బుడ్డోడు చేతులు కట్టుకుని నాలుగు పాదాలూ తప్పు లేకుండా చెప్పి, రెండో అరిసె కోసం మళ్ళీ వరసలో నిలబడ్డాడు.

అయిదుకి నాలుగు చుక్కలు ఇస్తున్నా. కోసిన చుక్క కార్డుకి. కొనేవాళ్ళు మూత గట్టి డబ్బా ఒకటి ముందే చూసి పెట్టుకోండి. మా తాత ప్రస్తుతం బిస్కెట్ల డబ్బాలో, గుడ్డలో కట్టిన గుప్పెడు బియ్యంతో ఉన్నాడు.