షెఫీల్డ్‌లో ఏడేళ్ళు: ఎండ్‌క్లిఫ్ పార్కులో వాగు దాటే రాళ్ళు

ఇంగ్లండ్‌లోని ఈ షెఫీల్డ్‌లో చూడదగ్గ తోటలేవని ఎవరినడిగినా బొటానికల్ గార్డెన్స్, వింటర్ గార్డెన్ పేర్లు ముందు చెబుతారు. వాటి ఫొటోలు బోలెడు దొరుకుతాయి, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాకు చెప్పాలనున్నది ఎండ్‌క్లిఫ్ పార్కు గురించి, అందులోనూ పోర్టర్ వాగుకి అడ్డంగా వరసగా పేర్చిన రాళ్ళ గురించి. పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో కాపురం పెట్టి ఏడేళ్ళు దాటింది. వారానికి రెండుసార్లయినా వెళ్తాం. ఇప్పటికీ ఆ రాళ్ళు కనబడగానే నా నడక దానంతటదే జోరందుకుంటుంది.

చూడ్డానికి ఏముంది, పలకల్లా చదునుగా ఉండే పెద్ద రాళ్ళు. ఒక్కో అంగకి ఒక్కో రాయి. వానల్లేనప్పుడు నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి గలగలమంటూ పోతుంటాయి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. అటు నుంచి ఒకరు వస్తుంటే ఇటువాళ్ళు ఆగాలి. ఆదివారం మధ్యాహ్నం పిల్లలు గట్టున బారు తీరి వంతు కోసం ఎదురుచూస్తారు, దాటినవాళ్ళు మళ్ళీ వెనక్కొచ్చి బారు చివర నిలబడతారు. ఎవరూ టికెట్ అడగరు, ఎవరూ గదమాయించరు.

నాలుగేళ్ళ క్రితం నా రెండో కాన్పుకి అమ్మ కోనసీమ నుంచి వచ్చింది, ఆరు నెలల వీసా మీద. మొదటి నెలంతా తనకి ఇక్కడేదీ నచ్చలేదు. బొటానికల్ గార్డెన్స్‌కి తీసుకెళ్తే అద్దాల మేడలు చూసి "బానే ఉన్నాయి" అని ఊరుకుంది. ఊరంతా కనబడుతుందని మీర్స్‌బ్రూక్ పార్కు ఎక్కించాను. షెఫీల్డ్ కూడా ఏడు కొండల మీద కట్టిన ఊరని చెబితే, "ఆ ఏడుకొండలూ నాచేతే ఎక్కిస్తావేంటే" అని సగం దారిలో కూలబడింది. మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కాలంటే వణికిపోయేది, నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకునేది. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తూ, ఎన్ని రోజులైందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. నాకు లోపల చాలా బాధగా ఉండేది. పురిటి బిడ్డతో నేను తనని ఎక్కడికని తిప్పగలను?

మే నెలలో ఒకరోజు ఎండ కాసింది. బిడ్డని బండిలో వేసుకుని, పెద్దదాన్ని నడిపించుకుంటూ ఎండ్‌క్లిఫ్‌కి వెళ్ళాం. పెద్దది అప్పటికి ఐదేళ్ళది, రాళ్ళు కనబడగానే ఒక్క పరుగు. రెండో రాయి మీద ఆగి "అమ్మమ్మా, రా!" అని అరిచింది. బండితో నేను దిగలేను. అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుం దగ్గర దోపింది, నేను "అమ్మా, వద్దే, జారతావు" అనేలోపే మొదటి రాయి మీద కాలు వేసింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడానికి గోడ పట్టుకునే మనిషి, చివరిదాకా ఎక్కడా తడబడలేదు. చూపు తరవాతి రాయి మీద, పాదం దానంతటదే అక్కడ. అవతలి గట్టున ఒక పెద్దాయన సాయానికి చెయ్యి చాచాడు. అమ్మ ఆయన చేతిలో తన చెప్పులు పెట్టి, ఆఖరి రాయి మీంచి ఒడ్డుకి తనే దూకింది.

వంతెన మీంచి చుట్టూ తిరిగి నేను వెళ్ళేసరికి గడ్డిలో కూర్చుని పాదాలు తుడుచుకుంటోంది. నీళ్ళ చలికి కాళ్ళు ఎర్రబడిపోయాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "మా చిన్నప్పుడు కాలవ మీద ఒక్క తాటిదుంగే ఉండేది. పలకా పుస్తకాలూ నెత్తిన పెట్టుకుని దాని మీంచే బడికి పోయేవాళ్ళం. ఇది దానికంటే ఎంతో నయం" అంది. ముప్పై ఐదేళ్ళుగా ఆవిడ కూతుర్ని నేను, ఆ తాటిదుంగ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. మిగిలిన నాలుగు నెలలూ వాన లేని ప్రతిరోజూ "రాళ్ళ దగ్గరికెళ్దామా" అని తనే బయల్దేరదీసేది.

అలా రోజూ వెళ్ళబట్టే వాగు వెంబడి పైకి నడవడం అలవాటైంది. ఎండ్‌క్లిఫ్ దాటితే బింగ్‌హామ్ పార్కు, ఆపైన వైట్‌లీ వుడ్స్, ఫోర్జ్ డామ్ చెరువు. దారి పొడవునా చెట్ల నీడే. ఈ లోయలో చెరువులు ఒకప్పుడు నీటి చక్రాలు తిప్పడానికి కట్టినవి. షెఫీల్డ్ కత్తులు సాన పట్టింది ఇలాంటి వాగుల ఒడ్డునే. షెపర్డ్ వీల్ అనే సాన పట్టే శాల ఇంకా నిలిచి ఉంది, దాని ప్రస్తావన 1584 నాటి వీలునామాలోనే ఉంది. బాగుచేసి 2012లో మళ్ళీ తెరిచారు. పెద్ద చక్రం నీళ్ళ బరువుకి మెల్లగా తిరగడం మొదలుపెడితే లోపల సానరాళ్ళు కదులుతాయి. అమ్మ అక్కడ గంటసేపు కదల్లేదు. వెళ్ళేముందు ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకోండి, రోజూ ఉండదు.

ఎండ్‌క్లిఫ్ పార్కులోనే చెట్ల మధ్య ఒక స్మారకం ఉంది, దాన్ని చూడకుండా వెళ్ళొద్దు. 1944 ఫిబ్రవరి 22న 'మి అమీగో' అనే అమెరికన్ బాంబర్ విమానం డెన్మార్క్ వైపు దాడికి వెళ్ళి, దెబ్బతిని తిరిగొస్తూ ఇక్కడ కూలింది. అందులో ఉన్న పదిమందీ చనిపోయారు. 75 ఏళ్ళయిన సందర్భంగా 2019లో వాళ్ళ గౌరవార్థం విమానాలు ఈ పార్కు మీదుగా ఎగిరాయి. మేం ఊరికి కొత్త, పెద్దదాన్ని భుజాన ఎత్తుకుని వేలమంది మధ్య నిలబడి చూశాం. అంత జనంలో ఆ క్షణాన ఒక్క మాట వినబడలేదు.

ఇన్నాళ్ళూ అడిగిన ప్రతివాళ్ళకీ "పిల్లలతో కళ్ళు మూసుకుని వెళ్ళండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. కిందటి నవంబర్‌లో రెండ్రోజుల వాన వెలిశాక వెళ్ళాం. రాళ్ళ మీద నాచు, పైన కుళ్ళిన ఆకులు. తొమ్మిదేళ్ళ పిల్ల, వందలసార్లు దాటిన పిల్ల, మూడో రాయి మీద జారి మోకాల్లోతు నీళ్ళలో పడింది. చీలమండ వాచి రెండు వారాలు స్కూల్లో ఆటలకి పోలేదు. గట్టి వానకి రాళ్ళు పూర్తిగా మునిగిపోతాయి కూడా. ఇప్పుడు మేం అక్టోబర్ నుంచి మార్చి దాకా వంతెన మీంచే వెళ్తున్నాం. చిన్నవాడికి ఇంకా నాలుగేళ్ళే, వాణ్ణి ఎండాకాలంలో కూడా చెయ్యి పట్టుకునే దాటిస్తాను. శనివారం పొద్దున తొమ్మిదికి పార్క్‌రన్ అని అందరూ కలిసి పరిగెత్తే కార్యక్రమం ఉంటుంది, ఆ గంట బండి తోసుకుంటూ నడవడం కష్టం.

ఒక్క రోజు కోసం రైల్లో వచ్చేవాళ్ళయితే, అదీ చలికాలమైతే, స్టేషన్‌కి దగ్గర్లోనే ఉన్న వింటర్ గార్డెన్ అనే అద్దాల తోట చూసుకోవడం మేలేమో. 21 మీటర్ల ఎత్తున చెక్క కమానుల కింద చెట్లు చూడ్డానికి బావుంటాయి. వెచ్చగా ఉంటుందనుకుని మాత్రం కోటు విప్పకండి, మంచు పట్టకుండా కాపాడేంతే దాని వేడి. మా ఇల్లు దగ్గర గనక, మాకు నాలుగు కాలాలూ తెలుసు గనక ఎండ్‌క్లిఫ్ మాకు సరిపోయింది. కొండ అవతల కాపురముంటే నా మాట వేరేలా ఉండేదేమో.

అమ్మకి కిందటేడు ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. వీడియో కాల్‌లో ఇప్పటికీ "వాగులో నీళ్ళెంత ఉన్నాయి?" అని అడుగుతుంది. వచ్చే మేలో వస్తానంటోంది. డాక్టరు నడవమన్నారు గానీ ఎగుడుదిగుళ్ళు వద్దన్నారు. వంతెన మీంచి వెళ్దామని ఇప్పట్నుంచే చెబుతున్నాను. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే" అంటోంది.