స్నాపీహెక్స్‌మెష్ లేయర్లు: గోడ పక్కన ఎంతవరకు నమ్మొచ్చు?

గాలి, నీటి ప్రవాహాలను లెక్కించే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్‌తో ఉచితంగా వచ్చే స్నాపీహెక్స్‌మెష్‌కి ఒక బేస్ మెష్, ఎస్‌టీఎల్ ఫైలు (ఆకారపు ఉపరితలం) ఇస్తే చాలు, కారు బాడీ లాంటి వంకర ఆకారాలకూ మెష్ (లెక్క కోసం చిన్న చిన్న సెల్స్‌గా చేసే విభజన) కట్టేస్తుంది. అసలు పరీక్ష గోడకు, అంటే ఘన ఉపరితలానికి, ఆనుకుని వేసే లేయర్ల (పలచని సెల్ వరసల) దగ్గర.

1 మీటరు పలక మీద 20 మీ/సె వేగంతో గాలి వెళ్తోందనుకోండి. రెనాల్డ్స్ సంఖ్య (వేగం, పొడవుల లబ్ధాన్ని గాలి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేది) సుమారు 13 లక్షలు, ఘర్షణ వేగం (గోడ రాపిడిని వేగం రూపంలో చెప్పే కొలత) 0.83 మీ/సె. వై ప్లస్ (గోడ నుంచి దూరాన్ని ఘర్షణ వేగం, స్నిగ్ధతలతో లెక్కించే యూనిట్లు లేని సంఖ్య) 1 రావాలంటే గోడ నుంచి దూరం 0.018 మి.మీ. ఓపెన్‌ఫోమ్ ఈ దూరాన్ని సెల్ మధ్య బిందువుకి కొలుస్తుంది, కాబట్టి మొదటి సెల్ ఎత్తు 0.036 మి.మీ. ఉండాలి. వాల్ ఫంక్షన్ (గోడ పక్క ప్రవాహాన్ని సూత్రంతో అంచనా వేసే పద్ధతి) కోసం వై ప్లస్ 30కి లెక్కేసి ఈ రెట్టింపు మర్చిపోతే 15 దగ్గర, సరిగ్గా బఫర్ పొరలో (వై ప్లస్ 5 నుంచి 30 మధ్య ప్రాంతం) పడతాం. అక్కడ వాల్ ఫంక్షన్ ఆధారపడే లాగరిథమ్ సూత్రం వర్తించదు, గోడ రాపిడి తప్పొస్తుంది.

పలక చివర బౌండరీ లేయర్ (గోడ వల్ల గాలి నెమ్మదించే పొర) మందం దాదాపు 22 మి.మీ. 1.2 నిష్పత్తితో పెంచుకుంటూ పోతే దాన్ని నింపడానికి 27 లేయర్లు పడతాయి. చివరి లేయర్ 4 మి.మీ. దాటుతుంది, కాబట్టి బయటి సెల్ కూడా అంతే ఉండేలా రిఫైన్‌మెంట్ లెవెల్ (సెల్స్‌ను ఎన్నిసార్లు సగానికి చీల్చాలో చెప్పే సంఖ్య) ఎంచుకోవాలి.

సెట్టింగుల్లో రిలేటివ్‌సైజెస్ (లేయర్ మందాలను పక్క సెల్ సైజుతో పోల్చి ఇవ్వాలా అన్నది) ఫాల్స్ పెట్టి, ఫస్ట్‌లేయర్‌థిక్‌నెస్, ఎక్స్‌పాన్షన్‌రేషియో రెండే ఇవ్వండి. ట్రూ ఉంటే రిఫైన్‌మెంట్ మార్చినప్పుడల్లా వై ప్లస్ కూడా మారిపోతుంది. ఫాల్స్ పెట్టాక మిన్‌థిక్‌నెస్ (లేయర్లకు ఉండాల్సిన కనీస మందం) కూడా మీటర్లలోకి వస్తుంది. పాత 0.1ని అలాగే వదిలేస్తే దానర్థం 10 సెం.మీ., ఒక్క లేయరూ పడదు! ఎర్రర్ కూడా రాదు.

అసలు బలహీనత మూలల్లో. మెష్ నాణ్యత పరిమితులు దాటితే ఈ పనిముట్టు అక్కడ లేయర్లను పలచన చేస్తుంది, లేదా పూర్తిగా తీసేస్తుంది. లేయర్లు పోయిన చోట గోడ పక్కన 4 మి.మీ. సెల్ మిగులుతుంది, వై ప్లస్ ఒక్కసారిగా 110కి చేరుతుంది. ఫీచర్‌యాంగిల్ (ఈ కోణం దాటిన అంచుల దగ్గర లేయర్లు వేయదు) పెంచితే కొంత మేలు. లాగ్ ఫైలు చివర ప్యాచ్‌వారీ (ఉపరితల భాగాలవారీ) మందం శాతం తప్పకుండా చూడండి. వైప్లస్ ఫంక్షన్ ఇచ్చే సగటును నమ్మొద్దు, గరిష్ఠమే చూడాలి.

వాల్ ఫంక్షన్‌తో వై ప్లస్ 50కి మొదటి సెల్ 1.8 మి.మీ., 7 లేయర్లు సరిపోతాయి. ఆ పనికి ఇది భేషుగ్గా ఉంటుంది. వై ప్లస్ 1తో పదునైన అంచులుంటే మాత్రం దీన్ని సిఫార్సు చేయలేం. ఆకారం సులువుదైతే ఓపెన్‌ఫోమ్‌లోనే ఉండే మరో మెష్ పనిముట్టు బ్లాక్‌మెష్‌లో చేత్తో కట్టుకోవడమే మేలు.